పాచికలును కన్నీరును

లేనివాని చావునకు ఉన్నవారు ఏడ్చుట న్యాయమా యను ప్రశ్న క్రొత్తది కాదు. నాటకశాల పుట్టిన నాటినుండియు నిది పండితుల నడుమ నలుగుచునే యున్నది. కాని యిటీవల నీ ప్రశ్న యొక వింత వేషముతో మరల మన యెదుటికి వచ్చినది. ఇందు రంగస్థలము లేదు, తెర లేదు, చూడవచ్చిన జనము లేరు. ఒక బల్లయు, దాని చుట్టును నలుగురైదుగురు మనుష్యులును, కొన్ని కాగితములును, కొన్ని పాచికలును మాత్రమే యుండును. వారిలో నొకడు తానే కల్పించి, తానే పేరు పెట్టి, తన నోటనే మాటలాడించుచు వచ్చిన పాత్ర చనిపోయినదని కంట నీరు పెట్టుకొనును. తక్కినవారు వానిని చూచి నవ్వుటకు మారుగా తామును కన్నులు తుడుచుకొందురు. ఈ సంగతి విన్న పెద్దలలో కొందరు 'ఇది పిచ్చి' యనుచున్నారు. మరికొందరు 'ఇది పొద్దుపోని వారి విలాస' మనుచున్నారు. తీర్పు చెప్పుటకు ముందు విషయమేమో తెలిసికొనుట మంచిది గనుక మేమా పని కుపక్రమించితిమి.

ఆంగ్లమున దీనిని టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అందురు. తెలుగున నింకను పేరు కుదురలేదు; ప్రస్తుతమునకు మేము పాత్రక్రీడ యనెదము. దీని పూర్వులు యుద్ధవిద్యకు సంబంధించినవారు. 1824లో ప్రష్యా సైన్యమున రైస్విట్జ్ అను నుద్యోగి పటముమీద దిమ్మెలు కదపుచు, పాచికలు వేయుచు సేనానులు యుద్ధతంత్రము నభ్యసించుట కొక యాటను ప్రకటించెను. 1913లో హెచ్. జి. వెల్సు బొమ్మ సిపాయిలతో నాడు యుద్ధమునకు నియమములు వ్రాసి 'లిటిల్ వార్స్' అను పేర నచ్చొత్తించెను. ఆ త్రోవనే నడచి 1974లో అమెరికా దేశమున గేరీ గైగాక్సు, డేవ్ ఆర్నెసన్ అనువారు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను పేర మూడు చిన్న పుస్తకములు గల పెట్టెను వెలువరించిరి. మొదట నచ్చువేసినవి వేయి ప్రతులు మాత్రమే. అంతకు ముందు ఆటగాని యధీనమున నొక దళముండెడిది. ఇప్పుడు వానికి మిగిలినది ఒక్క మనిషి. దళములో నూరుగురు కూలినను లెక్క తగ్గును గాని మనసు కలగదు. ఒక్క మనిషికి పేరు పెట్టి, వానికొక తల్లిని, ఒక యూరిని, ఒక యప్పును కల్పించిన పిమ్మట సంగతి వేరగును.

ఆట నడచు తీరు మిక్కిలి సులభము. ఒకరు సూత్రధారులు. తక్కినవారొక్కొక్కరు నొక్కొక్క పాత్రను ధరింతురు. 'నేను తలుపు త్రోసెదను' అని యొకడనును. 'తలుపు వెనుక నొక ముసలమ్మ దీపము వెలిగించుకొని కూర్చున్నది' అని సూత్రధారుడనును. కార్యము సందిగ్ధమైనచోట ఇరువది ముఖముల పాచికను విసరుదురు. వ్రాసిపెట్టిన సంభాషణ లేదు. మన వీధిభాగవతములలో హాస్యగాడు సమయమునకు దగిన మాటలను కల్పించుకొనునట్లే ఇందరును కల్పించుకొందురు. భేదమేమనగా భాగవతమున కథ చివర కేమగునో ఊరివారికందరికిని తెలియును, ఇందు సూత్రధారునకు సైతము తెలియదు.

ఇక నాక్షేపణమునకు వత్తము. లేనిదని యెరిగియు నేడ్చుట బుద్ధిహీనత యని మొదటి యాక్షేపణము. క్రైస్తవాచార్యుడగు ఆగస్టీను తన యాత్మకథలో, బాల్యమున కావ్యములోని డైడో రాణి మరణమునకు కన్నీరు విడిచి తన యాత్మ దుర్గతికి మాత్రము విడువనైతినే యని పశ్చాత్తాపపడినాడు. 1975లో కోలిన్ రాడ్‌ఫర్డ్ అను తత్త్వవేత్త ఈ ప్రశ్ననే మతమును విడిచి తర్కముతో నడిగెను: అన్నా కరేనినా యను స్త్రీ యెన్నడును పుట్టలేదని నిశ్చయముగా నెరిగియు మన మామెకై దుఃఖించుచున్నాము; దుఃఖించుటకు దుఃఖపడినవారొకరుండవలెను గదా; లేరని తెలిసియు దుఃఖించుట పరస్పర విరుద్ధము కాదా? ఆయన కడకు తేల్చినదేమనగా, ఇది విరుద్ధమే, మానవ స్వభావమే యిట్టిది యని. మా కీ తీర్పు తృప్తికరముగా లేదు.

మన యాంధ్రదేశమున ఈ వైరుద్ధ్యము మరింత విప్పారి కనబడును. హరిశ్చంద్ర నాటకమున కాటిసీనులో చంద్రమతి కొడుకు శవముపై బడి యేడ్చుచుండగా జనము కొంగులతో కన్నులొత్తుకొందురు. ఒత్తుకొనుచునే 'వన్సుమోర్' అని కేకలు వేయుదురు. పుత్రశోకమున కుములుచున్న తల్లిని మరల మొదటినుండి యేడువుమనుట! నిజమైన తల్లితో నట్లనువాడు మనుష్యుడా? అట్లని ఆ ప్రేక్షకుని కన్నీరు బూటకమనుటకును వీలులేదు. వాడింటికి పోయి నిద్రించుచున్న కొడుకు తలపై చేయి వేసి చూచుకొనును. ఏడ్పును నిజమే, మరల వినవలెనను కోరికయు నిజమే. దీనినిబట్టి కల్పనలోని దుఃఖము నిజ దుఃఖమునకు నకలు కాదనియు, దాని జాతియే వేరనియు తెలియుచున్నది.

ఈ జాతిభేదమును మన యాలంకారికులు గుర్తించినంత నిపుణముగా నితరులు గుర్తించిరని మేము నమ్మము. వారు శోకము వేరనియు కరుణరసము వేరనియు జెప్పిరి. నాది, నీది, వానిది యను హద్దులు తొలగి భావము సర్వసాధారణమగుటయే యాస్వాదమునకు మూలమని భట్టనాయకుడు చెప్పెను. అభినవగుప్తుడు దానిని పెంపొందించి, రసమంతయు నానందరూపమే యనెను. నాట్యదర్పణకారులు మాత్రము దీని కంగీకరింపలేదు: కరుణము దుఃఖాత్మకమే, నటుని నేర్పునకును కవి శక్తికిని మెచ్చి మన మా దుఃఖమును సహించుచున్నామని వారి మతము. ఈ వాదమున ఎవరి పక్షమైనను వహింపవచ్చును. కాని వీరందరును ఒక విషయమును ముందుగానే యొప్పుకొని వాదించిరి: కవి యొకడు, నటుడొకడు, సామాజికుడొకడు. రసమనుభవించువాడు చూచువాడు. నటుడు పాత్ర మాత్రమే. గిన్నెలో పోసిన మధువు రుచి గిన్నెకు తెలియదని యభినవగుప్తుని చమత్కారము.

పాత్రక్రీడలో నీ మువ్వురును ఒకే కుర్చీలో కూర్చున్నారు. మాటలు కల్పించువాడు, పలుకువాడు, విని కరగువాడు ఒక్కడే. ఇట్టి దొకటి పుట్టునని భరతుడు గాని, అరిస్టాటిల్ గాని తలచినట్లు కనబడదు. ఒక్క విశ్వనాథుడు మాత్రము సాహిత్యదర్పణములో, నటుడు సైతము కావ్యార్థమును భావించునెడల సభ్యుల పంక్తిలో చేరునని యొక చిన్న కిటికీ తెరచియుంచెను. ఆ కిటికీ గుండ చూచిన నీ క్రీడ మన శాస్త్రమునకు పూర్తిగా వెలి కాదు. శాస్త్రము నటుంచినను మన యిండ్లలో ఇట్టిది తరతరములుగా జరుగుచునే యున్నది. ఆడుపిల్లలు బొమ్మల పెండ్లి చేయుదురు. ఒక యింట మగపెండ్లివారు, ఒక యింట ఆడుపెండ్లివారు. విందు, కట్నములు, అలుకలు, అన్నియు జరుగును. అప్పగింతల వేళ బొమ్మను పొరుగింటి పిల్ల చేతిలో పెట్టుచు ఎనిమిదేండ్ల 'తల్లి' వెక్కివెక్కి యేడ్చుట మేము చూచినారము. అది కొయ్యబొమ్మ యని యా పిల్లకు తెలియదా? మరునా డుదయము పోయి తెచ్చుకొనవచ్చుననియు తెలియును. ఐనను ఆ యేడ్పు నేర్పిన యేడ్పు కాదు. కెండల్ వాల్టన్ అను తత్త్వవేత్త 1978 నుండి ప్రతిపాదించుచు వచ్చిన సిద్ధాంతమున కిట్టి పిల్లల యాటలే పునాది: కల్పనలను ఆస్వాదించుట యెల్ల నొక 'అనుకొనుట' యనియు, అందలి భయశోకములు ఆటలోపలి సత్యములే గాని వెలుపలివి కావనియు నాయన మతము. పునాది గట్టిదే. కాని యేడ్చిన కన్నులు మాత్రము ఆటకు వెలుపలనే యున్నవి గదా యని మా కొక్క సందేహము మిగిలియున్నది.

ఈ సందేహము మాకు పుస్తకములవలన కలిగినది కాదు. కొన్ని యేండ్ల క్రిందట వేసవి సెలవులలో హైదరాబాదున మా పూర్వ శిష్యుడొకని యింట నీ క్రీడను మూడు గంటల సేపు చూచితిమి. కంప్యూటరు కొలువులు చేయువారు నలుగురు, వైద్యవిద్యార్థిని యొకతె. మా శిష్యుడు ధరించినది యొక ముసలి పడవవాని పాత్ర. వాడు శూరుడు కాడు. తెడ్డు వేయుట, గొణుగుట, పొగాకు నములుట వాని పనులు. ఏడాదిగా నాడుచుండుటచే వాని గొణుగుడుమాటలన్నియు తక్కినవారికి కంఠస్థములై యుండెను. ఆనాడు తక్కినవారిని ఒడ్డునకు దాటించి, వెంబడించుచున్నవారిని ఆపుటకై వాడు పడవను మరల నది నడుమకు ద్రిప్పెను. గాయపడి పడవలో కూలెను. ఇట్టి యవస్థకు ఈ క్రీడలో నొక విధి కలదు. ప్రాణము కొట్టుమిట్టాడువాడు తన వంతు వచ్చినప్పుడెల్ల ఇరువది ముఖముల పాచికను వేయవలెను. పదియు నంతకు పైబడిన గెలుపు, లోబడిన నోటమి. మూడు గెలుపులు ముందు వచ్చిన ప్రాణము నిలుచును. మూడోటములు ముందు వచ్చిన పోవును.

మొదట నేడు పడినది. తరువాత పదమూడు. తరువాత నాలుగు. తరువాత పదునొకటి. రెండు గెలుపులు, రెండోటములు. వైద్యవిద్యార్థిని ధరించిన పాత్ర చికిత్సకురాలు. కాని యామె ఒడ్డున నున్నది, నడుమ నది యున్నది. ఆమె తన కాగితమును పైనుండి క్రిందికి వెదకుచునే యుండెను, అందు నది దాటు నుపాయము లేదని యామెకు తెలిసియు. మా శిష్యుడు పాచికను విసరెను. తొమ్మిది పడెను.

ఎవరును కదలలేదు. ఒక్క యంకె తక్కువ. ఆశ్చర్యమేమనగా మొదట కంట నీరు పెట్టినవాడు పాత్ర నోడినవాడు కాడు, సూత్రధారుడు. శత్రువులను పుట్టించినదియు, బాణము వేయించినదియు నాతడే. 'పడవ ప్రవాహములో పడి పోవుచున్నది' అని చెప్పబోయి, 'పడవ' యను మాటవద్దనే యాగిపోయెను. నాటక కర్త తన నాయకుని చంపునపుడు శోకించిన శోకింపవచ్చును గాని, 'ఏల చంపితివి' అని యడిగిన నుత్తరము చెప్పగలడు. ఈ సూత్రధారుడు చెప్పలేడు. తాను చంపలేదు, చావు నిచ్చినది పాచిక.

ఇక్కడనే యీ క్రీడలోని శోకమునకు మూలమున్నదని మా యభిప్రాయము. జూదమును నిందించు సూక్తము ఋగ్వేదముననే యున్నది. ధర్మరాజును, నలుడును పాచికల మూలమున నడవుల పాలైరి. అందుచేత పాచిక యనగానే మనవారు చెవులు మూసికొందురు. కాని నల ధర్మరాజులు ధనము కొరకును రాజ్యము కొరకును ఆడిరి. ఇచ్చట పాచిక కొప్పగించినది ధనము కాదు, కథ యొక్క ముగింపు. అట్లు ఒప్పగించుటచే కథకు లోకధర్మ మొకటి యబ్బుచున్నది: మన మెంత ప్రేమించినను, ఎంత యోగ్యుడైనను, ఒక్కయంకె తక్కువ పడిన తక్కువే. నాటకములలో చావు కవి సంకల్పము. కనుక కవిని బ్రతిమాలవచ్చును, తిట్టవచ్చును. షేక్స్పియరు రచించిన లియరు నాటకమున కార్డీలియా మరణమును సహింపలేక 1681లో నాహమ్ టేట్ అనువాడు ఆమెను బ్రతికించి పెండ్లిచేసి నాటకమును తిరుగవ్రాసెను. నూటయేబది యేండ్లకు పైగా ఇంగ్లండు రంగస్థలమున నా ప్రతియే యాడిరి. డాక్టరు జాన్సన్ వంటి కఠినుడు సైతము ఆ కడపటి రంగములను మరల చదువుటకు చాలకాలము మనసు రాక విడిచినట్లు వ్రాసికొనెను. మన భవభూతి మాత్రమేమి? రామాయణమున భూమిలో కలసిన సీతను రామునితో కలిపి గాని నాటకమును ముగింపలేదు. మేము పాఠశాలలో ఆ యంకమును చెప్పినప్పుడెల్ల బాలురు నిట్టూర్పు విడిచి స్థిమితపడుదురు.

పాత్రక్రీడలోను టేట్ చేసిన పని చేయుటకు సూత్రధారున కవకాశమున్నది. చాలమంది సూత్రధారులు చిన్న యట్టతెర నొకదానిని ముందు నిలుపుకొని, దాని వెనుక తమ పాచికలు వేయుదురు. శత్రువు దెబ్బ తగిలినదో తప్పినదో వారు చెప్పినదే మాట. తెర వెనుక పదునెనిమిది పడినను 'ఆరు పడినది, దెబ్బ తప్పినది' యని చెప్పి ప్రియమైన పాత్రను బ్రతికింపవచ్చును. ఇది ఆటగాండ్రలో తీరని వివాదము. దయచేత చెప్పిన యబద్ధము, పైగా ఆటలో చెప్పినది. ఇందు దోషమేమి యని యొక పక్షము. మాకీ పక్షము రుచింపదు. సూత్రధారుడు చావు వద్దనుకొనునెడల ఆ సంగతి ముందే చెప్పి పాచిక వేయకుండుట ధర్మము; శత్రువు మనసు మార్చుకొనెననవచ్చును, వాన కురిసెననవచ్చును, కథ వానిదే. వేసిన తరువాత దాచుట వేరు. ఏలయనగా అది యొకనాడు బయటపడును. పడిననాడు ఆ యొక్క దెబ్బయే గాక, ఏడాదిగా తప్పించుకొన్న ప్రమాదములన్నియు, గెలిచిన గెలుపులన్నియు, ఏడ్చిన యేడ్పులన్నియు సందేహమున పడును. పడవవాని పాచిక అందరి యెదుటను, బల్లమీదనే దొర్లినది. అది దొర్లకుండ 'చనిపోయెను' అని సూత్రధారుడు చెప్పియున్నచో ఆ గదిలోనివారు కోపపడియుందురు గాని యేడ్చియుండరు. కల్పనలో సత్యమునకు పనిలేదనువారు ఈ భేదమును విచారింపవలెను.

పాచికను కూడ మించి, ఓటమిని ముందే ఖాయపరచిన క్రీడలును ఇటీవల పుట్టినవి. 2007లో జేసన్ మోర్నింగ్‌స్టార్ రచించిన 'గ్రే ర్యాంక్స్' అను క్రీడలో ఆటగాండ్రు 1944వ సంవత్సరపు వార్సా నగర విప్లవములో పోరాడిన పోలండు దేశపు బాలబాలికల పాత్రలను ధరింతురు. ఆ విప్లవము ఆగస్టు 1న మొదలై అరువదిమూడు దినములు సాగి లొంగుబాటుతో ముగిసినది. క్రీడలో నెంత నేర్పు చూపినను చరిత్ర మారదు. ప్రతి పాత్రకును ప్రాణప్రదమైన దొకటి యుండును: కుటుంబమో, విశ్వాసమో, తాను పుట్టిన పేటయో. కష్టకాలమున దానిని పణముగా నొడ్డవచ్చును, ఒడ్డి కోల్పోవచ్చును. 2015లో స్టీఫెన్ డ్యూయీ రచించిన 'టెన్ క్యాండిల్స్' ఇంకను నిష్ఠురమైనది. చీకటి గదిలో పది క్రొవ్వొత్తులు వెలిగింతురు. ఆరిన దానిని, గాలికారినను సరే, మరల వెలిగింపరాదు. కడపటిది ఆరునప్పటికి పాత్రలన్నియు చనిపోవునని మొదటనే యందరికిని తెలియును. ఆట మొదలు పెట్టునపుడే ఒక్కొక్కరు తమ పాత్ర విడిచిపోవు కడపటి మాటను యంత్రమున పలికి దాచుదురు. ఆట ముగిసి గది యంతయు చీకటి యైన పిమ్మట ఆ మాటలను వినిపింతురు. ఆశతో నున్నప్పుడు పలికిన గొంతు, ఆశ లేనప్పుడు వినబడును. ఇందు కొంత కృత్రిమత్వము లేకపోలేదు. ఏడిపింపవలెనను సంకల్పము మరీ పైకి కనబడినచో మా మనస్సు వెనుకకు తగ్గును. పడవవాని చావు నెవరును సంకల్పింపలేదు గనుకనే మాకది హెచ్చుగా తోచుచున్నది.

దీనివలన ప్రమాదము లేదా? అమెరికాలో 1980 తరువాత నీ క్రీడ బాలురను క్షుద్రవిద్యలకును ఆత్మహత్యలకును పురికొల్పుచున్నదని గొప్ప కలవరము పుట్టినది. 1983లో దీనికెదురుగా నొక సంఘము వెలసినది. 1985లో '60 మినిట్స్' అను ప్రసిద్ధ టెలివిజను కార్యక్రమము దీనిని చర్చించినది. 1990లో మైకేల్ స్టాక్‌పోల్ అను రచయిత ఆ యారోపణల యాధారములను పరిశీలించి అవి నిలువవని వ్రాసెను. ఆ కలవరము చల్లారినది. అసలు ప్రమాదము వేరొకచో నున్నది. దానిని కనుగొన్నవారు ఆటగాండ్రే. పాత్ర దుఃఖము ఆటగానికిని, ఆటగాని దుఃఖము పాత్రకును అంటుకొనును. తడిసిన రంగుబట్ట ప్రక్కబట్ట కంటించినట్లు. ఎమిలీ కేర్ బాస్ అను క్రీడారచయిత్రి 2007లో దీనికి 'బ్లీడ్' అని పేరు పెట్టినది. క్రొత్తగా తండ్రిని పోగొట్టుకొన్నవాని యెదుట ఆటలో నొక తండ్రిని చంపుట సూత్రధారునకు తెలియకయే జరుగవచ్చును. కరుణమును పుట్టించు నధికారము ఒకనికి మరియొకనిపై నెంతవరకు కలదు? నాటకశాలలో నైనచో లేచి పోవచ్చును. బల్ల యొద్ద నలుగురు స్నేహితుల నడుమ నుండి లేచుట కష్టము. ఇందులకు జాన్ స్టావ్రోపులోస్ అను నాతడు కల్పించిన యుపాయ మొకటి యున్నది. ఇంటూ గుర్తు వేసిన చీటీని బల్ల నడుమ నుంతురు, ఎవరైనను దానిని తాకినంతనే ఆ ప్రస్తావన నిలిచిపోవలెను, కారణ మడుగరాదు. ఆటగాండ్రలో పెద్దవారు కొందరు దీనిని సుకుమారుల చీటీ యని పరిహసింతురట. కారణ మడుగరాదను నియమముననే దాని మర్యాద యంతయు నున్నదని మాకు తోచుచున్నది. మన యిండ్లలో విధవరాండ్రను, బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులను కారణమడుగకుండ విడిచిపెట్టిన పేరంటము లెన్ని?

ఇట్లేడ్చినవారు లోకమున దయగలవా రగుదురా యని కొందరడుగుదురు. అగుదురని చెప్పుటకు మాయొద్ద సాక్ష్యము లేదు. హరిశ్చంద్రకు ఏడ్చిన జనములో వడ్డీవ్యాపారులు లేకపోలేదు. దీనిని మేము క్రీడకు దోషముగా నెంచము. కావ్యమునకే యీ పరీక్ష పెట్టినచో నెన్ని కావ్యములు నిలుచును?

పడవవాని కథకు తరువాయి మా శిష్యుడు జాబు వ్రాసినాడు. ఈ క్రీడలో చనిపోయినవానిని మరల బ్రతికించు మంత్రమొకటి కలదు. అయిదువందల బంగారునాణెముల వెల గల వజ్రము కావలెను; చనిపోయి పది దినములు దాటరాదు; అన్నిటికంటె ముఖ్యముగా, పోయిన జీవుడు తిరిగి వచ్చుటకు సమ్మతింపవలెను. మిత్రులు ఆరు ఆదివారములాడి, నదిలో కళేబరమును వెదకి తీసి, వజ్రమును సంపాదించి, ఆటలోని తొమ్మిదవ దినమున మంత్రమునకు సిద్ధపడిరట. సూత్రధారుడు మా శిష్యుని వైపు తిరిగి, 'వచ్చునా?' యని యడిగెనట. 'రాడన్నాను మాస్టారూ. అందరూ నావంక చూశారు. ఎందుకన్నానో అప్పుడు నాకూ తెలియదు. ముసలివాడు ఒకసారి దాటించాడు, చాలు అనిపించింది' అని వ్రాసినాడు. ఆ వజ్రము కొరకు అందరికంటె నెక్కువ పాటుపడిన మిత్రుడొకడు వానితో నెలదినములు సరిగా మాటలాడలేదట. చికిత్సకురాలు మాత్రము తన కాగితపు టంచున 'ఈత' యను మాటను చేర్చుకొని, ఆటలో నొక పల్లెవాని యొద్ద నేర్చుకొనుచున్నదట.